‘సారీ’ చెప్పించి చేతులు దులుపుకోవద్దు

బడిలో ఒకడు ఇంకొకణ్ణి కొట్టాడు. లేదా నెలల తరబడి ఏడిపించాడు. ఇద్దరినీ హెచ్‌ఎం గదికి పిలిపించి, ఎదురెదురుగా నిలబెట్టి, ‘సారీ చెప్పు, చెయ్యి కలుపు, ఇక పోండి’ అని పది నిమిషాల్లో తేల్చేసే అలవాటు మన బడుల్లో పాతదే. ఇప్పుడు దానికి ‘రిస్టోరేటివ్ పద్ధతి’ అని పేరు పెట్టుకుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. దెబ్బలు తిన్న పిల్లవాడికి ఆ గదిలో పడేది రెండో దెబ్బ. కొట్టినవాడికి తెలిసివచ్చేది ఒక్కటే: ఒక్క మాట అంటే సరిపోతుంది. ఈ రాజీలు వెంటనే ఆగాలి.

రిస్టోరేటివ్ పద్ధతి అవసరం ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి గెంటెయ్యడానికీ వీల్లేదు. ‘దండం దశగుణం భవేత్’ అనే మాట స్టాఫ్ రూముల్లో ఇంకా వినిపిస్తూనే ఉన్నా, బెత్తం కాలం చెల్లింది. బెత్తం లేదు, టీసీ బెదిరింపు లేదు. మరి గొడవల్ని టీచర్ ఎలా తీర్చాలి? నష్టపోయినవాణ్ణీ, నష్టం చేసినవాణ్ణీ కూర్చోబెట్టి బాధ్యత తెలిసేలా చెయ్యడమే దీనికి సరైన జవాబు. అయితే పేరు నేర్చుకున్నంత సులువుగా పని రాదు.

పని అంటే ఏమిటో దాని చరిత్రే చెబుతుంది. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్లో 22 చోట్ల విధ్వంసం చేసిన ఇద్దరు కుర్రాళ్లు బాధితుల గుమ్మాలకు వెళ్లి, వాళ్ల మాటలు విని, నష్టం కట్టిచ్చారు. 1989లో న్యూజీలాండ్ మావోరీల కుటుంబ సంప్రదాయాన్ని గౌరవించి, తప్పు చేసిన పిల్లల విషయంలో కుటుంబమంతా కూర్చుని మాట్లాడే పద్ధతిని చట్టంలోకి తెచ్చింది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఒక హైస్కూలు దాన్ని బడిలోకి తెచ్చింది. పద్ధతి సరిగ్గా తెలిసినవాళ్లు ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతారు. ఏం జరిగింది, ఎవరికి ఏ నష్టం కలిగింది, దాన్ని సరిదిద్దడానికి ఏం చెయ్యాలి అని అడుగుతారు. ఒప్పుకున్నది రాసుకుంటారు, తర్వాత అది జరిగిందో లేదో చూస్తారు. మన హెచ్‌ఎం గదిలో జరిగే పది నిమిషాల తంతులో ఇందులో ఒక్కటైనా ఉందా?

శిక్షణ ఇచ్చి చేసినచోట కూడా ఫలితాలు కలగాపులగంగానే వచ్చాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 44 బడుల్లో సగానికి ఈ పద్ధతి ఇచ్చి రెండు విద్యా సంవత్సరాలు పరిశీలించింది. సస్పెన్షన్లు తగ్గాయి. బడి వాతావరణం బాగుపడిందని టీచర్లు చెప్పారు. పిల్లలు మాత్రం ఆ మాట అనలేదు. తరగతిని అదుపులో పెట్టడంలో టీచర్లకు తక్కువ మార్కులే వేశారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల చదువూ వెనకబడింది. పెద్దలకు తృప్తి కలిగినంత మాత్రాన పిల్లలకు ఊరట దక్కినట్టు కాదు. బడిలో గొడవలు తగ్గాయని రిపోర్టు రాసే ప్రతి అధికారీ ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

తగాదాకూ వేధింపుకూ ఉన్న తేడా మొదట్లోనే గమనించాలి. సమవుజ్జీలైన ఇద్దరు బంతి కోసం కొట్టుకోవడం తగాదా. బలమున్నవాడు లేనివాణ్ణి పదేపదే హింసించడం వేధింపు. తగాదాకు సర్కిల్, అంటే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం, పనికొస్తుంది. వేధింపు విషయంలో తొందరపడి ఎదురెదురుగా కూర్చోబెడితే బాధితుడు నోరు విప్పడు. గురుకులంలో చదివే ఏడో తరగతి పిల్లవాడు వార్డెన్ ముందు ‘సరే సార్, మర్చిపోయాను’ అంటాడు. రాత్రికి అదే డార్మిటరీలో, అదే సీనియర్ల పక్కన పడుకోవాలి కదా! నిందితుడి తండ్రి ఊరి పెద్ద, బాధితురాలి తల్లి ఆయన పొలంలో కూలీ అయితే, అక్కడ కుదిరిన రాజీ ఎవరి ఇష్టం? కులం పేరుతో తిట్టిన కేసును రచ్చబండ తీర్పుతో ముగించడం మరీ అన్యాయం.

దాటకూడని గీత మరొకటి ఉంది. లైంగిక వేధింపు విషయంలో ఏ సర్కిలూ, ఏ రాజీ పనికిరావు. చేసింది టీచరైనా, అటెండరైనా, తోటి విద్యార్థయినా 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థను నడిపేవారు తమ సిబ్బంది చేసిన నేరాన్ని దాచితే ఏడాది దాకా జైలు పడవచ్చు. ‘బడి పేరు పోతుంది’, ‘ఆడపిల్ల భవిష్యత్తు’ అనే మాటలు చట్టం ముందు నిలవవు. రాజస్థాన్‌లో ఒక ప్రభుత్వ టీచర్‌పై పెట్టిన కేసును, విద్యార్థిని తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసును మళ్లీ నిలబెట్టింది. తండ్రి సంతకం పెట్టినా కుదరని రాజీని హెచ్‌ఎం కుదర్చగలరా?

కాబట్టి హెడ్‌మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు, వార్డెన్లకు ఒక మాట. ముందు బాధితుడి భద్రత చూడండి. అవసరమైతే సెక్షనో గదో మార్చండి. మారాల్సింది బాధితుడు కాదు, వేధించినవాడు. నేరమేమో అనిపిస్తే అక్కడితో ఆగి పోలీసులకు చెప్పండి. కూర్చోవడం ఇష్టమేనా అని బాధితుణ్ణి ఒకసారి ఒంటరిగానూ, మరోసారి తల్లిదండ్రుల సమక్షంలోనూ అడగండి. వద్దంటే అదే ఆఖరి మాట. తప్పు ఒప్పుకోనివాణ్ణి కూర్చోబెట్టకండి. క్షమాపణను ఫోన్‌లో తీసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది ఇద్దర్నీ అవమానించడమే. ఒప్పందం అయ్యాక వారానికోసారి, కనీసం నెలపాటు, బాధితుణ్ణి పిలిచి ఎలా ఉందో కనుక్కోండి.

తల్లిదండ్రులారా, ‘అంతా సెటిల్ చేశాం’ అని బడి నుంచి ఫోనొస్తే అక్కడితో వదిలెయ్యకండి. ఏం ఒప్పుకున్నారు, ఎవరు చూస్తారు, ఎప్పటిదాకా అని అడగండి. బిడ్డ బడికి వెళ్లనని మొండికేసినా, ఊరికే కడుపునొప్పి అన్నా తిట్టే ముందు కారణం వెతకండి. బడి వినకపోతే 1098కి ఫోన్ చెయ్యండి.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకూ బాధ్యత ఉంది. ఒక రోజు వర్క్‌షాపు పెట్టి, సర్క్యులర్ పంపి, అమలైనట్టు లెక్క రాసుకుంటే చాలదు. టీచర్‌కు శిక్షణ కావాలి, టైమ్‌టేబుల్‌లో సమయం కావాలి, అక్కరపడినప్పుడు పిలిస్తే వచ్చే కౌన్సిలర్ కావాలి. ఇవి ఇచ్చేదాకా సర్కిళ్ల సంఖ్యను టార్గెట్‌గా పెట్టడం మానుకోండి. ఈ ఏర్పాట్లేవీ లేని బడి అసలు సర్కిల్ పెట్టకపోవడమే మేలు. బాధితుణ్ణి కాపాడటం, తప్పును రాతపూర్వకంగా నమోదు చెయ్యడం, ఇరువైపుల పెద్దల్ని విడివిడిగా పిలిచి మాట్లాడటం, ఈ మూడూ చేస్తే చాలు. వాటికి ఏ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు.