కొట్టెయ్యాల్సింది ఎవరి పేరు?

"అయ్యగారూ, ఆ పుస్తకంలో మావోడి పేరు కొట్టెయ్యండి."

రాత్రి తొమ్మిది దాటింది. దుమ్ముగూడెం దాపున, అడివి అంచునున్న మా ఊళ్లో, గుడి పక్కన పాస్టరు ఇంటి వాకిట్లో నిలబడి ఒక తల్లి అడిగిన మాట ఇది. కొడుకు ఇంటరు పాసయ్యాడు. ఇంజనీరింగు సీటుకు ఎస్సీ సర్టిఫికెట్ కావాలి. ఎవడో అర్జీ పెట్టాడంట, వీళ్లు కిరస్తానపోళ్లని. రేపోమాపో ఎంక్వయిరీకి వస్తారు. వచ్చినోళ్లు అడిగేది నన్ను. చూసేది నా బీరువాలోని బాప్తిస్మం రిజిస్టరు. ఆ పిల్లోడి నెత్తిన నీళ్లు పోసింది నాకు ముందు పనిచేసిన అయ్యగారు. పెన్ను మాత్రం ఇప్పుడు నా చేతిలో ఉంది.

పాతికేళ్లకు పైగా పాస్టరుగా బతుకుతున్నాను. "అంత పాత సంఘాన్ని కాయడం ఎంత ధన్యత!" అంటారు పట్నం క్రైస్తవులు. ధన్యత సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి.

1860ల్లో గోదావరి మీద పడవలు నడపాలని తెల్లదొరలు దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు చేయించారు. హేగ్ అనే ఇంజనీరు చొరవతో ఆ పనుల దగ్గరే కోయ మిషన్ మొదలైంది. ఆ తర్వాత జాన్ కెయిన్ దొర ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి కోయ భాష నేర్చాడు. దొరలు కోయల కోసం వచ్చారు. మాల మాదిగలం పిలవకుండానే వెళ్లి గుమ్మం ముందు కూచున్నాం. 1909లో అజరయ్య డోర్నకల్ వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సభకు మొట్టమొదటి భారతీయ బిషపు అయ్యాడు. ఆయన కాలంలో పల్లెలకు పల్లెలు, గూడేలకు గూడేలు గుడిలో చేరాయి. మా తాత ఆ మందలోనివాడే. తోలు కోసిన చేత్తోనే రాత్రి బడిలో అక్షరాలు దిద్దాడు. మా ఇంటికి చదువు ఊరి బడి నుంచి రాలేదు, గుడి వరండాలోంచి వచ్చింది. ఇది నేను ఎవరి ముందైనా చెప్తాను.

అయితే మా పాత రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు పక్కన ఇంకో గడి ఉంది. 'జాతి'. ఆ గడిలో మాల అని, మాదిగ అని, కోయ అని గుండ్రటి అక్షరాలు. క్రీస్తులో కులం లేదని ప్రసంగం చేసిన రోజునే, ఆ సిరాతోనే కులం రాశారు. గుడి మర్చిపోలేదు. ఊరు మర్చిపోలేదు. మర్చిపోయానన్నది సర్కారు ఒక్కటే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ బయటే ఉంచారు. ఎస్టీల ఉత్తర్వులో ఇట్లాంటి పేరా లేదు. ఇక మా గుడికొచ్చి చూడండి. ఒకే ఆదివారం, ఒకే తొట్టి నీళ్లతో ఇద్దరు పసివాళ్లకు బాప్తిస్మం ఇస్తాను. కోయ పిల్ల ఎస్టీగానే ఇంటికి పోతది. అది ఆమె హక్కు, అందులో మాకు ఏ పేచీ లేదు. మాదిగ పిల్లాడు మాత్రం ఆ నీళ్లు ఆరకముందే బీసీ-సీ అయిపోతాడు. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. నేను పోసిన నీళ్లు ఒకరి జాతిని తడపలేదు, ఇంకొకరి జాతిని కడిగేశాయి! ఇదేం నీళ్ల మహిమ? నిజంగా కడిగేస్తే ఊరి హోటల్లో ఆ పిల్లాడి తండ్రికి గ్లాసెందుకు వేరయింది?

అందుకే జూన్ నెలలో మా గుడి పలచబడుద్ది. పిల్లల అడ్మిషన్లు అయ్యాక మళ్లీ నిండుద్ది. గుళ్లో యోహాను, బళ్లో వెంకటేశు. ఇంట్లో సిలువ, ఫోటోలో బొట్టు. మా జనాన్ని రెండు పేర్ల జనం చేసి, పైగా "రిజర్వేషన్ కోసం నాటకాలు" అని నవ్వేవాళ్లున్నారు. నాటకం రాసిందెవరు? మాచేత వేషం కట్టించిందెవరు?

నేను దాచుకోను. దాచుకోలేను కూడా. పాస్టరు తెల్ల అంగీ తొడిగి బొట్టు పెట్టుకోలేడు కదా. నా పిల్లలు బీసీ-సీ. "నువ్వు టీచరు పని చేసుంటే నాకు సీటు వచ్చేది నాన్నా" అని నా బిడ్డ ఒకసారి అన్నది. జవాబు చెప్పలేక గుళ్లోకి పోయి కూచున్నాను.

2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టారు, కొట్టారు అని కేసు పెట్టినవాడు నాలాగే పాస్టరు. క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ కాడు గనుక అట్రాసిటీ చట్టం అతనికి వర్తించదన్నారు, కేసు కొట్టేశారు. తిట్టేవాడు మన బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి తిడతాడా? కులం పోయిందని కోర్టుకు తెలుసు, తిట్టే నోటికి తెలియలేదు!

సర్కారునే అని ఊరుకుంటే సగం అబద్ధం. నేను మాదిగోణ్ణి. మా సంఘ పెద్దల్లో ఎక్కువమంది మాలలు. వచ్చిన వారంలోనే ఒక పెద్ద మంచిగానే చెప్పాడు: "మన గుళ్లో అట్టాంటియ్యేం లేవు అయ్యగారూ. మీరు ప్రసంగంలో తేవద్దు." లేనిదాన్ని తేవద్దనడమెందుకు? ప్రభు భోజనం నాడు తెలిసింది. పాత్ర దగ్గరికి ముందు మాలలు, తర్వాత మాదిగలు, చివర కోయలు. ఎవరూ నియమం పెట్టలేదంట, అలవాటంట. మరుసటి నెల నేను వెనక వరసలో కూచున్న మాదిగ ముసలమ్మను ముందు పిలిచాను. ఆమె చేతులు వణికాయి, పాత్ర పట్టుకున్న నా చేతులూ వణికాయి. రెండు కుటుంబాలు లేచి రోడ్డు మీది ఇంకో ప్రార్థన మందిరానికి పోయాయి. పైవాళ్లకు ఉత్తరం పోయింది. నన్ను పిలిచి "సమాధానం కాపాడు" అన్నారు. ఎవరి సమాధానం? ముసలమ్మకు అరవయ్యేళ్లుగా లేని సమాధానమా?

ఇక సభల్లో మిత్రులు అడుగుతారు: "అన్నా, ఇంత తెలిసీ ఇంకా ఆ గుళ్లో ఎందుకున్నవ్?" నిలదీసే హక్కు మీకుంది. వినే ఓపిక కూడా ఉండాలి.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా గుడి మిట్ట మీద ఉంది. మూడు జాతులూ బెంచీలు జరిపి నేల మీద పడుకున్నారు. సంఘంలో ఆడవాళ్లు పూటపూటా తీసిపెట్టే పిడికెడు బియ్యమే ఒక్క గుండిగలో ఉడికింది. ఆ ముసలమ్మ వడ్డించింది. లేచిపోయిన రెండు కుటుంబాలూ ఆమె చేతి గంజి తాగాయి. వరద తీశాక ఒక కుటుంబం తిరిగొచ్చింది, ఇంకోటి రాలేదు. పాతికేళ్ల నా పనికి దక్కిన జీతం ఆ ఒక్క కుటుంబం. తక్కువే కావచ్చు. దానికోసం ఇంకో పాతికేళ్లు చేస్తాను. ఈ గుడి మా తాతలు కూలి డబ్బుల్లోంచి కానుకలేసి నిలబెట్టుకున్నది. దాన్ని వాళ్లకొదిలి నేనెందుకు పోవాలి?

ఆ తల్లి సంగతి చెప్పలేదు కదూ. పేరు కొట్టెయ్యలేదు. ఎంక్వయిరీకి వచ్చినాయన రిజిస్టరు అడిగితే "చెదలు తిన్నయి సార్" అన్నాను. పక్క గదిలో బీరువా ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కితే నోరు పెగల్లేదు. పేతురు తన ప్రాణానికి భయపడి బొంకాడు. నేను ఒక పిల్లాడి సీటు కోసం బొంకాను. దేవుడి ముందు నా లెక్క నేను చెప్పుకుంటాను. ఈ దేశం తన లెక్క ఎవరికి చెప్పుద్ది?

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమంది. తియ్యలేదు. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023లో ఆంధ్ర అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇన్ని కమిషన్లు అక్కర్లేదు. మా రిజిస్టరులో 'జాతి' గడి చూస్తే చాలు. చెదలు తినలేదు, రండి, నేనే తీసి చూపిస్తాను. ముందు మీ పుస్తకంలో ఆ పేరా కొట్టెయ్యండి. నా పుస్తకంలో బిడ్డ పేరు కొట్టెయ్యమని ఏ తల్లీ రాత్రిపూట నా వాకిట్లోకి రాదు.