వరదొస్తే బాబుని ఎవరు దాటిస్తారు?

తండ్రిది ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ పని. తల్లి విడిపోయి, గోదావరి దాటాక భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకలో పుట్టింటికి చేరింది. బాబుకి ఏడేళ్లు. వాడు ఇద్దరికీ కావాలి. ఒకరి మొహం ఒకరు చూడటం మాత్రం ఇద్దరికీ ఇష్టం లేదు.

ఇది ఫలానా వాళ్లింటి కథ కాదు, ఊరికే అనుకోండి. అక్కడ చిక్కు ఎలా పడుతుందో చూడటానికి ఇది చాలు.

ఇద్దరి మధ్యా సుమారు 120 కిలోమీటర్లు. దూరం సంగతి అలా ఉంచితే, దారిలో రాష్ట్రమే మారిపోతుంది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఎటపాక, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. సరుకులకీ, ఆస్పత్రికీ జనం ఇప్పటికీ భద్రాచలమే వస్తారు. కోర్టు మాత్రం వేరు. పిల్లాడు మామూలుగా ఎక్కడ ఉంటుంటే అక్కడి కోర్టులోనే అర్జీ పెట్టుకోవాలంటుంది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. ఇంకేం... ముందు ఎవరు తీసుకెళ్లిపోతే వాళ్లదే పైచేయి అనే ఆత్రం మొదలవుతుంది. మధ్యలో ఆగిపోయేది వాడి బడి!

కోయ కుటుంబాలకైతే ఇంకో మెలిక. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న 1956 నాటి చట్టం కూడా అంతే. అక్కడ ఆచారానిదే పెద్దపీట. ఆచారం ప్రకారం తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటే ఖర్చు తక్కువ, భాష తమది, వాయిదాల బెడద ఉండదు. అది చిన్న మేలేం కాదు. కాకపోతే ఏ పంచాయితీలోనైనా వేడిగా నడిచేది తప్పెవరిదన్న మాటే. పిల్లల సంగతి అందరూ లేచి తువ్వాళ్లు దులుపుకునే వేళకు గానీ రాదు.

పైగా ఒక్కోసారి పెద్దలే తగాదాలో పక్షమైపోతారు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఓ జంట విషయంలో పెళ్లినాటి పెద్దల గొడవతో మొదలైన తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013లో తీర్పు వచ్చేసరికి వాళ్లు విడిపోయి పదేళ్లు దాటింది. దాంపత్య వివాదాలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని ఆ తీర్పులోనే కోర్టు గట్టిగా చెప్పింది.

ఈ మధ్యవర్తి తీర్పు చెప్పడు. తప్పెవరిదని తేల్చడు. ఇద్దరినీ కూర్చోబెట్టి, అవసరమైతే విడివిడిగా మాట్లాడి, ఒప్పందం వాళ్లచేతే రాయిస్తాడు. అక్కడ నోరు జారిన మాటని రేపు కోర్టులో సాక్ష్యంగా వాడుకోవడానికి వీల్లేదు. మహిళలకు, పిల్లలకు, గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. భర్త కొడుతున్నాడంటే మాత్రం రాజీ మాట తర్వాత, ముందు 181కి చెప్పాలి. భయపడుతూ కూర్చున్న మనిషి చేసే సంతకం ఒప్పందం కాదు.

'అప్పుడప్పుడూ చూడొచ్చు' అని రాసుకుంటే ఆర్నెల్లకే మళ్లీ గొడవ. దసరా సెలవులు ఎవరి దగ్గర, సంక్రాంతికి ఎక్కడ, బస్సు చార్జీ ఎవరు పెట్టుకోవాలి, తునికాకు రోజుల్లో తల్లి తెల్లారకముందే అడవికెళితే పిల్లాణ్ణి ఎవరు చూడాలి... ఇవన్నీ కాగితం మీదికి రావాలి. దూరాన ఉన్నవారు పిల్లలతో ఫోన్లో, వీడియోలో మాట్లాడుకునే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సిగ్నల్ అందని గూడెమైతే ఏ రోజు ఎక్కడికొచ్చి మాట్లాడాలో కూడా రాసుకోవాల్సిందే.

ఇక గోదావరి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. సరిగ్గా ఆ వారమే తండ్రి వంతు అయితే? పిల్లాణ్ణి పంపలేదని తల్లి మీద ఫిర్యాదు పెట్టడానికి అంతకంటే సాకు అక్కర్లేదు. అందుకే ఒప్పందంలో ఇంకో వాక్యం: నీళ్లు దిగేదాకా బాబు ఎక్కడుంటే అక్కడే, పోయిన రోజులు తర్వాతి సెలవుల్లో కలుపుకోవాలి, రోజూ రాత్రి ఏడింటికి నాన్నతో ఫోను.