కేకలు వేయని కోచ్

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో హెడ్ కోచ్ ఉద్యోగాలు మొత్తం 32. జట్టుకు ఒక్కటే. రెగ్యులర్ సీజన్ ముగిసిన మర్నాటి సోమవారానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు బ్లాక్ మండే. ఆ రోజూ, దాని చుట్టుపక్కల రోజుల్లోనూ ఏటా కొందరు హెడ్ కోచ్‌ల ఉద్యోగాలు ఊడతాయి. ఆ కుర్చీల మీద ఆశతో ఎదురుచూసే అసిస్టెంట్ కోచ్‌లు వందల్లో ఉంటారు. ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో గెలుపోటములే తేలుస్తాయని బయటినుంచి చూసేవాళ్లం అనుకుంటాం. టోనీ డంజీ ప్రయాణం తెలిస్తే ఆ నమ్మకం నిలవదు.

ముందు ఆట గురించి ఒక మాట. అమెరికన్ ఫుట్‌బాల్ కొన్ని సెకన్లు సాగి ఆగిపోతుంది. మళ్లీ మొదలయ్యేలోగా తర్వాతి ఎత్తు ఏమిటో గీత అవతల నిలబడ్డ కోచ్‌లే నిర్ణయించి మైదానంలోకి పంపుతారు. క్రికెట్‌లో మన కెప్టెన్ చేసే పనిలో చాలా భాగం అక్కడ కోచ్ చేతిలో ఉంటుంది. ఒక్కో స్థానంలో ఆడేవాళ్లకు ఒక్కో కోచ్, వాళ్ల మీద అఫెన్స్‌కు ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కు ఒక కోఆర్డినేటర్, అందరి పైన హెడ్ కోచ్. కింది మెట్టు మీద చేరినవాడు పై మెట్టు చేరడానికి పదేళ్లు పట్టవచ్చు, జీవితమంతా గడిచినా చేరకపోవచ్చు.

డంజీ 1955లో మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్‌లో పుట్టారు. తండ్రి సైన్సు, తల్లి ఇంగ్లిషు చెప్పేవారు. మిన్నెసోటా యూనివర్సిటీ జట్టుకు ఆయన క్వార్టర్‌బ్యాక్. మైదానంలో జట్టును నడిపించే స్థానం అది. దాదాపు ప్రతి ఎత్తులోనూ బంతి ముందు అతని చేతికే వస్తుంది. 1977లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ 12 రౌండ్లు సాగింది. ఏ రౌండ్‌లోనూ డంజీ పేరు ఎవరూ పిలవలేదు. నల్లజాతి కుర్రాడి చేతికి క్వార్టర్‌బ్యాక్ బాధ్యత ఇవ్వడానికి జట్లు ఇష్టపడని రోజులవి. అలాంటివాళ్లను వేరే స్థానాలకు మార్చేయడం మామూలు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆయన్ను తీసుకుని డిఫెన్స్‌లో వెనక నిలబడే సేఫ్టీగా మార్చింది. ఆ ఏడాదే హ్యూస్టన్‌తో ఆటలో స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్‌లిద్దరూ గాయపడితే డంజీనే ఆ స్థానంలోకి పంపారు. ఎదుటి జట్టు విసిరిన బంతిని అందుకున్నదీ ఆయనే, తను విసిరిన బంతిని ఎదుటివాళ్లకు పోగొట్టుకున్నదీ ఆయనే, ఒకే ఆటలో. మరుసటి సీజన్‌లో ఎదుటి జట్టు పాసులు 6 లాక్కుని స్టీలర్స్‌లో అందరికంటే ముందు నిలిచారు. ఆ సీజన్‌లో జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. కానీ ఆటగాడిగా ఆయన కథ త్వరగానే ముగిసింది. 1980లో చదివిన యూనివర్సిటీలోనే కోచింగ్ మొదలుపెట్టారు, 1981లో తిరిగి స్టీలర్స్‌కు అసిస్టెంట్‌గా వెళ్లారు.

అక్కడ హెడ్ కోచ్ చక్ నోల్. అప్పటికే నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిన మనిషి. డబ్బా కొట్టుకోవడం, ఆటగాళ్లను కేకలేసి హడలెత్తించడం ఆయన పద్ధతి కాదు. పాదం ఎక్కడ పెట్టాలో, చెయ్యి ఎలా ఉంచాలో ఓపిగ్గా నేర్పే గురువు. డంజీ కోచింగ్‌లో మనకు కనిపించే నిదానం చాలావరకు అక్కడ దొరికిందే. 1984లో, 28 ఏళ్లకే, నోల్ ఆయన్ను డిఫెన్స్ కోఆర్డినేటర్ చేశారు. ఆ వయసులో ఆ హోదా వచ్చినవాడు నాలుగైదేళ్లలో హెడ్ కోచ్ అవుతాడని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. 1988 సీజన్‌లో స్టీలర్స్ 16 ఆటల్లో 11 ఓడింది. డంజీ హోదా తగ్గించాలని చూశారు. ఆయన ఒప్పుకోక కాన్సాస్ సిటీ వెళ్లి ఒక మెట్టు కింది ఉద్యోగంలో చేరారు. 1992లో మిన్నెసోటా వైకింగ్స్‌లో మళ్లీ కోఆర్డినేటర్ అయ్యారు. 1993లో ఎదుటి జట్లను లీగ్ మొత్తంలో అన్నిటికంటే తక్కువ యార్డులు ముందుకు రానిచ్చిన డిఫెన్స్ ఆయనదే. అయినా హెడ్ కోచ్ కుర్చీ కోసం ఇంకో రెండేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఎందుకు ఆగాల్సి వచ్చింది? రంగు ఒక కారణం. దాన్ని మెత్తటి మాటల్లో చుట్టబెట్టడం నాకిష్టం లేదు. 1921లో ఆక్రన్ జట్టుకు నల్లజాతివాడైన ఫ్రిట్జ్ పొలార్డ్ కోచ్‌గా ఉన్నారు. ఆ తరం తర్వాత 1989లో ఆర్ట్ షెల్‌కు రైడర్స్ బాధ్యత ఇచ్చేదాకా ఈ లీగ్‌లో నల్లజాతి హెడ్ కోచ్ లేడు. ఆటగాళ్లలో మాత్రం వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రెండో కారణం యజమానుల మనసులో స్థిరపడిపోయిన కోచ్ రూపం. పేరుమోసిన కోచ్‌లైన విన్స్ లాంబార్డి గర్జన, మైక్ డిట్కా ఎర్రబడ్డ ముఖం చూసినవాళ్లకు గొంతు పెంచని, బూతు మాట్లాడని మనిషిలో నాయకుడు కనబడలేదు. నెమ్మదిని మెతకతనం అనుకున్నారు. ఈ పొరపాటు ఒక్క ఫుట్‌బాల్‌లోనే జరగదు. కానీ అక్కడ దాని ఖరీదును ఆట ఫలితాల్లో లెక్కగట్టి చూపించవచ్చు.

1996 జనవరిలో టంపా బే బకనీర్స్ డంజీని పిలిచింది. ఎవరూ కోరుకునే ఉద్యోగం కాదది. 1983 నుంచి 1995 దాకా ప్రతి సీజన్‌లోనూ ఆ జట్టుకు గెలుపులకంటే ఓటములే ఎక్కువ. డంజీ వచ్చాక కూడా మొదటి అయిదు ఆటలూ ఓడారు. తొమ్మిది ఆటలయ్యేసరికి గెలిచింది ఒక్కటే. ఆయన గొంతు అప్పుడూ మారలేదు, పద్ధతీ మారలేదు. చివరి ఏడు ఆటల్లో అయిదు గెలిచారు. మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. వారెన్ శాప్, డెరిక్ బ్రూక్స్, జాన్ లించ్, రోండే బార్బర్ అనే నలుగురు ఆయన దగ్గర ఎదిగి తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. వాళ్ల వేగం మీద ఆధారపడి డంజీ, ఆయన డిఫెన్స్ కోఆర్డినేటర్ మాంటీ కిఫిన్ దిద్దిన డిఫెన్స్‌కు ఊరి పేరే వచ్చింది: టంపా 2. దాన్ని ఎన్నో జట్లు నేర్చుకున్నాయి.

1999 సీజన్‌లో సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరంలో సెయింట్ లూయిస్ రామ్స్ చేతిలో 11-6తో ఓడారు. ఆ రామ్స్ కోచ్ డిక్ వెర్మీల్ ఒకప్పుడు ఫిలడెల్ఫియాలో రాత్రులు ఆఫీసులోనే పడుకుని పనిచేసి, అలసి సొలసి 1982 సీజన్ తర్వాత ఉద్యోగం వదిలేసి, మళ్లీ 1997లోగానీ కోచింగ్‌కు తిరిగిరాని మనిషి. ఈ వృత్తి మనిషిని ఎంత పిండేస్తుందో చెప్పడానికి ఆ ఒక్క జీవితం చాలు. డంజీ తన కోచ్‌లను ఆఫీసులో పడుకోనిచ్చేవారు కాదు, వేళకు ఇళ్లకు పొమ్మనేవారు. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ నచ్చినది ఇదే.

2000, 2001 సీజన్లలో వరసగా రెండుసార్లు ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా చేతిలో ఓడారు. రెండో ఓటమి తర్వాత రెండు రోజులకే, 2002 జనవరి 14న, యజమానులు ఆయన్ను తీసేశారు. బదులుగా జాన్ గ్రూడెన్ కోసం ఆయన అప్పటి జట్టు ఓక్లండ్‌కు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు రెండు, రెండో రౌండ్‌వి రెండు, పైన 80 లక్షల డాలర్లు ఇచ్చారు. మరుసటి సీజన్‌లోనే టంపా సూపర్ బౌల్ గెలిచింది. గ్రూడెన్ గొప్ప కోచే, కాదనను. ఆ గెలుపుకు వెన్నెముకగా నిలిచిన డిఫెన్స్ మాత్రం డంజీ కూర్చినదే.

డంజీని తీసేసిన నెలలోనే మిన్నెసోటా డెన్నిస్ గ్రీన్‌ను కూడా తీసేసింది. ఏళ్ల తరబడి జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లిన మరో నల్లజాతి కోచ్ ఆయన. ఈ రెండు తొలగింపుల తర్వాత జానీ కాక్రన్, సైరస్ మెహ్రీ అనే ఇద్దరు లాయర్లు నల్లజాతి కోచ్‌లు ఎక్కువ గెలుస్తున్నా వాళ్లకు అవకాశాలు తక్కువేనని గణాంకాలతో నివేదిక ప్రచురించారు. 2003 నుంచి రూనీ రూల్ అమల్లోకి వచ్చింది. హెడ్ కోచ్ ఖాళీ వస్తే మైనారిటీ అభ్యర్థిని కనీసం ఒక్కరినైనా ఇంటర్వ్యూ చేయాలన్నది అప్పటి నిబంధన. దానికి పేరు ఇచ్చిన డాన్ రూనీ అప్పటి స్టీలర్స్ యజమానే. అమలైన ఆ ఏడాదే నిబంధన పాటించనందుకు డెట్రాయిట్ లయన్స్ అధ్యక్షుడికి లీగ్ 2 లక్షల డాలర్ల జరిమానా వేయాల్సి వచ్చింది.

టంపా తీసేసిన ఎనిమిది రోజులకే ఇండియానాపొలిస్ కోల్ట్స్ డంజీని తీసుకుంది. అక్కడ పేటన్ మానింగ్ వంటి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. 2006 సీజన్‌లో న్యూ ఇంగ్లండ్‌తో ఆడుతూ 21-3తో వెనకబడి కూడా 38-34తో గెలిచి ఫైనల్‌కు చేరారు. 2007 ఫిబ్రవరి 4న మయామీలో, వర్షంలో, షికాగో బేర్స్‌ను 29-17తో ఓడించారు. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యారు. ఎదుటి జట్టు కోచ్ లవీ స్మిత్, టంపాలో ఆయన అసిస్టెంటే. 2008 సీజన్ తర్వాత డంజీ కోచింగ్ వదిలేసేనాటికి రెగ్యులర్ సీజన్ గెలుపులు 139, ఓటములు 69. వరసగా పది సీజన్లు ప్లేఆఫ్స్. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్.

స్వలింగ వివాహాల మీద, 2014లో తాను గే అని బహిరంగంగా చెప్పిన మైకేల్ శామ్ అనే ఆటగాడి మీద ఆయన అన్న మాటలతో నేను ఏకీభవించను. కోచ్‌గా ఆయన మీద నాకున్న గౌరవం ఆ విభేదాన్ని చెరిపేయదు.

రూనీ రూల్ వల్ల జరిగిన మేలు నిజమే, కానీ అది ఇంటర్వ్యూ గది దాకానే తీసుకెళుతుంది. లోపలికి వెళ్లినవాడికి ఎన్నేళ్లు ఇస్తారు, ఒకసారి తీసేస్తే ఇంకోసారి పిలుస్తారా అన్నవి యజమానుల చేతిలోనే ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో కోచ్ బ్రయన్ ఫ్లోరెస్ తనను పిలిచిన ఇంటర్వ్యూ మొక్కుబడిదని ఆరోపిస్తూ లీగ్ మీద దావా వేసేనాటికి ఉన్న నల్లజాతి హెడ్ కోచ్ ఒక్కరే, మైక్ టామ్లిన్. ఆయనా డంజీ దగ్గర టంపాలో పనిచేసినవారే. 2007లో ఆయనకు హెడ్ కోచ్ పదవి ఇచ్చింది స్టీలర్స్. రెండో సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచారు. ఆయనకు దొరికినన్ని ఏళ్లు మిగతావాళ్లకు దొరకలేదు. లవీ స్మిత్‌ను 2012లో షికాగో 10 గెలుపుల సీజన్ తర్వాత తీసేసింది. హ్యూస్టన్ 2021 సీజన్ తర్వాత డేవిడ్ కల్లీని, 2022 సీజన్ తర్వాత అదే లవీ స్మిత్‌ను ఒక్కొక్క సీజన్‌కే పంపేసింది. కోల్ట్స్‌లో డంజీ వారసుడైన జిమ్ కాల్డ్‌వెల్ మొదటి సీజన్‌లోనే జట్టును సూపర్ బౌల్‌కు తీసుకెళ్లారు. తర్వాత డెట్రాయిట్‌లో నాలుగేళ్లలో 36 గెలిచి 28 ఓడారు. 2017లో 9 గెలిచి 7 ఓడగానే డెట్రాయిట్ ఆయన్ను తీసేసి మ్యాట్ పట్రీషియాను తెచ్చుకుంది. పట్రీషియా కింద ఆ జట్టు 13 గెలిచి 29 ఓడింది. కాల్డ్‌వెల్‌ను ఆ తర్వాత ఏ జట్టూ హెడ్ కోచ్‌గా తీసుకోలేదు.