ఫుషిమి ఇనారి సరే, కర్మన్‌ఘాట్ సంగతేంటి?

మా క్లాస్‌లో ఎవరినైనా ఆపి, "జపాన్‌లో ఎర్ర ద్వారాలు వరసగా ఉంటాయే, ఆ గుడి పేరేంటి?" అని అడగండి. ఠక్కున "ఫుషిమి ఇనారి" అంటారు. అది క్యోటోలో ఉందనీ, రాత్రి కూడా మూయరనీ, తెల్లారుజామున వెళ్తే ఫోటోలో జనం పడరనీ కూడా చెప్తారు. అంతా అనిమే పుణ్యం. 'యువర్ నేమ్' సినిమా చివర్లో వచ్చే మెట్లు టోక్యోలో సుగా మందిరం దగ్గరివని చెప్పగలిగినవాళ్ళు మా బెంచీలోనే ఇద్దరున్నారు.

అదే మనిషిని "కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి ఎవరు కట్టించారంటారు?" అని అడగండి. "అది... ఓల్డ్ టెంపుల్ కదా" అని ఆగిపోతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్, ఎల్బీ నగర్‌లో మెట్రో, చంపాపేట రింగ్ రోడ్డు మీద రోజూ ప్రయాణం. అయినా అంతే.

ఇది జపాన్ మీద కంప్లైంట్ కాదు. డబ్బులు ఉంటే నేనూ రేపే టికెట్ కొంటాను. నా బాధల్లా ఏంటంటే, అక్కడి గుడిని చూడ్డానికి మనం పెట్టుకునే కళ్ళజోడు ఇక్కడికి రాగానే తీసి జేబులో పెట్టేస్తున్నాం.

ఒక ఉదాహరణ చెప్తాను. మన గుళ్ళలో ఫ్యాన్ రెక్కల మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది. ట్యూబ్‌లైట్ మీద పేరు, మెట్టు మీద పేరు, గంట మీద పేరు, గోడకి పెద్ద పాలరాయి మీద గోత్రంతో సహా ఇంటిల్లిపాది పేర్లు. మా వాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు, మీమ్‌లు చేస్తారు. మరి ఫుషిమి ఇనారిలో ఆ వేల ద్వారాలు ఎక్కడివి? ఇనారి వ్యాపారాన్నీ పంటనీ కాపాడే దేవత. కోరిక తీరాలనో, తీరినందుకో, వ్యాపారులూ కంపెనీలూ ఒక్కో ద్వారం కట్టిస్తారు. వెనక వైపుకి తిరిగి చూస్తే ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలతో దాత పేరు, ఇచ్చిన తేదీ ఉంటాయి. మనం ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నది కూడా ఒక దాతల జాబితానే! జపనీస్ లిపి చదవడం రాదు కాబట్టి మనకి అది అందంగా కనబడుతోంది. తెలుగు చదవడం వచ్చు కాబట్టి ఫ్యాన్ నవ్వు తెప్పిస్తోంది. (ఇంగ్లీష్ మీడియం కాబట్టి నాకు కొంచెం టైం పడుతుంది, అది వేరే సంగతి. పాలరాయి బోర్డు మొత్తం చదవాలంటే నాకు ఒక ప్రదక్షిణ చాలదు.)

దర్శనం పద్ధతి కూడా అంతే. షింటో మందిరానికి వెళ్ళేముందు మనవాళ్ళు పది వీడియోలు చూస్తారు. ద్వారం దగ్గర వంగి నమస్కారం పెట్టాలి, దారి మధ్యలో నడవకూడదు, అది దేవుడి దారి. నీటి తొట్టి దగ్గర ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, ఆ తర్వాత నోరు కడుక్కోవాలి. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. కానుకగా ఐదు యెన్ల నాణెం మంచిది, ఎందుకంటే 'గోఎన్' అంటే ఐదు యెన్లు, అనుబంధం అని కూడా అర్థం. ఇంత చక్కగా గుర్తుపెట్టుకునే మనకి, కుళాయి దగ్గర కాళ్ళు ఎందుకు కడుక్కుంటాం, గడప ఎందుకు తొక్కం, నూట పదహార్లలో ఆ పదహార్లు ఎందుకు అని అడిగితే సమాధానం ఉండదు. అర్చన టికెట్ తీసుకుని నిలబడితే పూజారి గారు గోత్రం అడుగుతారు. అప్పుడు చూడాలి మా బ్యాచ్ అవస్థ. ఒకడు ఇంటికి ఫోన్ చేస్తాడు, సిగ్నల్ ఉండదు. ఇంకొకడు పక్కవాడి గోత్రం కాపీ కొట్టేస్తాడు. ల్యాబ్ రికార్డ్ లాగా.

కోరికల సంగతికి వస్తే మనకీ వాళ్ళకీ పెద్ద తేడా లేదు. 903లో దజైఫు అనే చోట ప్రవాసంలో చనిపోయిన సుగవార నో మిచిజానే అనే పండితుడు తర్వాత చదువుల దేవుడయ్యాడు. పరీక్షల సీజన్‌లో పిల్లలు ఆయన మందిరాలకి వెళ్ళి చిన్న చెక్కపలకల మీద కాలేజీ పేరు రాసి వేలాడదీస్తారు. మనకి చిలుకూరు ఉంది: అడగడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. వీసా ఇంటర్వ్యూ వాళ్ళూ, బ్యాక్‌లాగ్ వాళ్ళూ ఒకే వరసలో తిరుగుతుంటారు. కర్మన్‌ఘాట్‌లో మంగళవారం, శనివారం చూడండి, తమలపాకుల దండలు, వడమాలలు, మధ్యలో హాల్‌టికెట్ జిరాక్స్ పట్టుకున్న చేతులు. దిల్‌సుఖ్‌నగర్ మొత్తం కోచింగ్ సెంటర్ల మీద బతికే ఏరియా. ఇక్కడ దేవుడికి వచ్చే అప్లికేషన్లలో సగం మార్కుల గురించే ఉంటాయని నా అనుమానం.

అడగడం తప్పని నేను అనను. మా నానమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడుగుతుంది, నేను ప్లేస్‌మెంట్ గురించి అడుగుతాను, ఎవరి లెవెల్‌కి తగ్గది వాళ్ళు. కానీ సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి రెస్పాన్స్ కోసం చూసినట్టు, చెప్పుల స్టాండ్ నుంచి గర్భగుడికీ అక్కడి నుంచి పులిహోర కౌంటర్‌కీ వెళ్ళి, ఏడు నిమిషాల్లో బయటపడితే ఎలా? ఎవరిని అడిగామో చూశామా అసలు?

చూస్తే ఒకటి కనబడుతుంది. మనకి తెలిసిన హనుమంతుడు ఎప్పుడూ పనిలో ఉంటాడు. సంజీవని కొండ ఎత్తుతూ, సముద్రం దాటుతూ, గద పట్టుకుని. కర్మన్‌ఘాట్‌లో ఆయన కూర్చుని ధ్యానంలో ఉన్నాడు. అందుకే ధ్యానాంజనేయస్వామి. పొద్దున్నే ఒక కోచింగ్, సాయంత్రం ఇంకో కోచింగ్, మధ్యలో కాలేజీ అని పరిగెత్తే పిల్లలున్న ఏరియాలో కదలకుండా కూర్చున్న హనుమంతుడు! ఇంతకన్నా ఏం చెప్పాలి?

కథ ఇలా చెప్తారు. కాకతీయ రెండో ప్రోలరాజు వేటకి వచ్చి అలసిపోయి చెట్టు కింద కూర్చుంటే, ఎవరో రామనామం జపిస్తున్నట్టు వినబడింది. అడవిలో ఎవరా అని వెతికితే కూర్చున్న భంగిమలో రాతి విగ్రహం దొరికింది. రాత్రి స్వామి కలలోకి వచ్చి గుడి కట్టమన్నాడు. సంవత్సరం 1143 అంటారు. ప్రోలరాజు చరిత్రలో ఉన్న మనిషే. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి తండ్రి. ఆ గుడిలోని 1163 నాటి శాసనంలో ప్రోలరాజు గెలిచిన యుద్ధాల ప్రస్తావన ఉంది. 1143 అనేదే నిజమైతే ఈ గుడి హైదరాబాద్ కంటే 448 ఏళ్ళు పెద్దది. చార్మినార్ లేదు, మూసీ మీద ఒక్క వంతెనా లేదు, ఈయన మాత్రం ఇక్కడ కూర్చుని ఉన్నాడు.

తర్వాతి భాగం అందరికీ నచ్చేది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఔరంగజేబు గుడి పడగొట్టడానికి మనుషుల్ని పంపితే వాళ్ళు లోపలికి రాలేకపోయారట. చివరికి తనే గడ్డపార పట్టుకుని వస్తే ఉరుములాంటి గొంతు వినబడిందట, "మందిర్ తోడ్‌నా హై రాజా, తో కర్ మన్ ఘట్" అని. గుడి పడగొట్టాలంటే ముందు మనసు గట్టి చేసుకో రాజా, అని. అదే కర్మన్‌ఘాట్ అయ్యిందట. కంప్యూటర్ సైన్స్ బుర్ర కదా, నేను ముందు తీసివేత చేశాను. ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నది ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, 1687లో. 1143 నుంచి లెక్కేస్తే 544 ఏళ్ళు. నాలుగు వందలు కాదు. కథ చెప్పేవాళ్ళు ఎక్కడో ఓ నూట నలభై నాలుగేళ్ళు రౌండ్ ఆఫ్ చేశారు.

మలక్‌పేట నుంచి వచ్చే మా ల్యాబ్‌మేట్ ఒకడు బస్సు బోర్డు చూసి ఈ పేరుకి అర్థం అడిగాడు. నమాజ్ మిస్ చెయ్యని మనిషి. ఔరంగజేబు పేరు ఎత్తాలా వద్దా అని ఒక స్టాప్ దాటేదాకా ఆలోచించి, మా నానమ్మ చెప్పినట్టే చెప్పాను. వాడు మొత్తం విని, "భయ్యా, అప్పట్లో దర్బార్ భాష ఫారసీ కదా, మీ హనుమాన్ హిందీలో ఎందుకు మాట్లాడాడు?" అన్నాడు. బస్సులో పక్కనున్న పెద్దాయన కూడా నవ్వాడు.

ఇంటికొచ్చి నానమ్మని అడిగితే ఆమె ఏమాత్రం తడుముకోలేదు. "నవ వ్యాకరణాలు చదివినోడు బిడ్డా, ఆయనకి ఏ భాష రాదు?" అంది. ఆ మాటకి వెతుక్కుంటూ పోతే సుందరకాండలో ఒక ఘట్టం దొరికింది. అశోకవనంలో చెట్టు మీద కూర్చున్న హనుమంతుడు సీతతో ఏ భాషలో మాట్లాడాలా అని తర్జనభర్జన పడతాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే అనుకుని భయపడుతుందేమో అని, మామూలు మనుషుల మాటలో మాట్లాడాలని నిర్ణయించుకుంటాడు. అంటే ఎదుటి మనిషి భయపడకుండా, అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది ఆయన పాలసీ. ఔరంగజేబుతో ఆ మాట అన్నాడో లేదో నేను చెప్పలేను గానీ, అన్నాడనుకుంటే మాత్రం ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయింది.

ఇక్కడే నాకు అసలు అభ్యంతరం ఉంది. నానమ్మ కథలో గొంతు వినబడుతుంది, గడ్డపార జారుతుంది, రాజు వెనక్కి పోతాడు, అయిపోయింది. ఎవరి రక్తమూ చిందదు. హనుమాన్ జయంతి దగ్గర పడగానే ఫోన్లో తిరిగే కథలో మాత్రం ఆ చివరి వాక్యం తర్వాత నాలుగు కొత్త వాక్యాలుంటాయి, అవి నా ల్యాబ్‌మేట్ లాంటి వాళ్ళ ఇంటి వైపు వేలు చూపిస్తాయి. వాటిని ఎవరు కలిపారో తెలీదు. స్థలపురాణాన్ని తెలుసుకోని మనిషికి ఏది అసలు కథో, ఏది నిన్న అతికించిందో ఎలా తెలుస్తుంది? వచ్చింది వచ్చినట్టు ఫార్వర్డ్ చేస్తాడు. గుడికి వెళ్ళి కూడా గుడి కథ తెలియకపోవడం నాకు చిన్న విషయంగా కనబడనిది అందుకే.

పాతదనం గురించి ఒక్క మాట. "అది చూడ్డానికి పాతగా ఉండదు కదా, అన్నీ కొత్త రంగులూ, టైల్సూ, గ్రిల్సూ" అని మా ఫ్రెండ్ ఒకామె అంది. రంగుల విషయంలో ఆమెతో ఏకీభవిస్తాను, రాతి మీద ఆయిల్ పెయింట్ నాకూ నచ్చదు. కానీ జపాన్‌లో అందరికన్నా పెద్దదిగా చూసే ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్ళకి ఒకసారి పక్క స్థలంలో మొత్తం కొత్త చెక్కతో మళ్ళీ కడతారు. 690లో మొదలైందని చెప్పే ఆనవాయితీ, 2013లో అరవై రెండోసారి కట్టారు, మళ్ళీ 2033లో. చెక్క కొత్తదే, పద్ధతి పాతది. ఇరవై ఏళ్ళ వడ్రంగి ఒకసారి చూస్తాడు, నలభైకి తనే చేస్తాడు, అరవైకి నేర్పిస్తాడు. మనకి రాయి ఇంకా ఉంది గానీ, నేర్పించే వరస తెగుతోంది. నానమ్మకి కథ పూర్తిగా వచ్చు, నాన్నకి సగం వచ్చు, నాకు ఈ వ్యాసం రాసేదాకా పావు వంతు.

కాబట్టి మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. ఈ సెమిస్టర్ కవితల పోటీ ఒక్కటి తగ్గించుకుని, కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల పాత ఇళ్ళవాళ్ళ దగ్గర, పూలమ్మేవాళ్ళ దగ్గర, అర్చకుల దగ్గర ఈ కథని ఎవరు ఎలా చెప్తారో రికార్డ్ చేద్దాం. ఎవరి అనుమతి లేకుండా ఎవరి పేరూ వెయ్యొద్దు. ఏ మాట శాసనంలో ఉంది, ఏ మాట జనం నోట ఉంది అని రెండు వేరే రంగుల్లో చూపిస్తూ తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీష్‌లో ఒక పేజీ తయారు చేద్దాం. గుడివాళ్ళు ఒప్పుకుంటే ఒక బోర్డు పెట్టమందాం. ఉర్దూ పేజీకి మనిషి దొరికాడు, ఫారసీ డౌట్ తీర్చే షరతు మీద.

వెళ్ళేవాళ్ళకి: ఎల్బీ నగర్ నుంచి చంపాపేట వైపు పోయే రింగ్ రోడ్డులో దిగితే చాలు. మంగళ, శనివారాలు వద్దు, రద్దీలో ఏమీ కనబడదు. బుధవారం సాయంత్రం మంచిది. గోత్రం ముందే అడిగి రాసుకుని రండి.