పక్కవాద్యం నుంచి ప్రధాన వాద్యానికి

కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ వచ్చి వందేళ్లు దాటినా, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దాన్ని ప్రధానంగా పక్కవాద్యంగానే చూసేవారు. గాయకుడు పాడింది అందుకుని వాయించడమే దాని పని. విజయనగరానికి చెందిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1938లో వేలూరులో ఒంటరిగా వయొలిన్ కచేరీ చేసి, ఆ వాద్యం తనంతట తాను సభను నిలబెట్టగలదని చూపించారు. అమెరికాలో గిటార్‌ కథ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే మలుపు తిరిగింది. జాజ్ బృందాల్లో బాకాల హోరు కింద అణగిపోయే ఆ వాద్యానికి విద్యుత్తు గొంతునిచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ దానిమీద విడిగా స్వరకల్పన చేసి చూపాడు. తరవాతి కాలపు రాక్ గిటారిస్టులు నడిచింది ఆ బాటలోనే.

ముందుకు వచ్చిన వాద్యకారులు చాలామందే ఉన్నారు. అర్ధశతాబ్దం పాటు నిలిచినవారు కొందరే. వారిని నిలబెట్టింది నాదం. గిటారిస్టు బి.బి. కింగ్ తక్కువ స్వరాలే వాయించేవాడు. ఎడమచేతి వేలితో ఒక్క స్వరాన్ని వణికించగానే అది ఎవరి గిటారో వినేవారికి తెలిసిపోయేది. మెట్టు మీద తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకుపోవడం గిటారిస్టులకు ఎంత ముఖ్యమో, గమకం పలికించే వైణికులకూ అంతే. ద్వారం వారి బాణీకి ప్రాణం కమాను. కమానును నిడుపుగా లాగుతూ, ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ, తిప్పిన చోట నాదం తెగకుండా వాయించడం అలవడాలంటే ఏళ్ల తరబడి సాధన కావాలి. పొందూరులో సన్న నూలు తీసేవారు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ పనిలో వేగానికి చోటు లేదు, నాణ్యమంతా చేతిలోనే ఉంటుంది. నాదమూ అలా తయారయ్యేదే.

శరీరం సహకరించనప్పుడు దారి మార్చుకోగలగడం మరో లక్షణం. వెంకటస్వామి నాయుడికి చిన్నప్పుడే చూపు సరిగా ఆనక బడి చదువు సాగలేదు. అన్న దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో పనిచేస్తూ గిటారిస్టు టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం గనక తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. వాటికి తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు వేశాడు, పోనుపోను శ్రుతీ తగ్గించాడు. బ్లాక్ సబాత్ బృందానికి పేరు తెచ్చిన బరువైన ధ్వని వెనక ఈ సర్దుబాటు కూడా ఉంది. శరీరం అడ్డురాకపోయినా రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆరో తీగ తీసేసి, అయిదు తీగలకు వేరే శ్రుతి కట్టుకున్నాడు. 1962లో మొదలైన ఆ బృందం 2023లోనూ కొత్త ఆల్బమ్ విడుదల చేసింది.

అయితే వేదిక మీద గడిపిన ఏళ్లే వాద్యకారుడి ఆయుష్షు కాదు. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970లో 27 ఏళ్లకే చనిపోయాడు. లండన్ వెళ్లి పేరు తెచ్చుకున్నాక అతనికి మిగిలింది నాలుగేళ్లలోపే. అతని వాదనం రికార్డుల్లో ఉండబట్టి తరవాతి తరాలు దాన్ని విని నేర్చుకున్నాయి. ద్వారం వారూ గ్రామఫోన్ రికార్డులిచ్చారు. కానీ ఆయన బాణీ నిలవడానికి అంతకంటే పెద్ద ఆధారం శిష్య పరంపర. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. అదే ఏడు ద్వారం వారు వయొలిన్ ఆచార్యుడిగా చేరారు, 1936లో అధ్యక్షుడయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్న కళాశాల ఇదే. 1941లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయన్ను వరించాయి. 1964లో ఆయన కన్నుమూసినా, కుమార్తె ద్వారం మంగతాయారు సహా కుటుంబంలోని పలువురు ఆ విద్యను కొనసాగించారు.

రాక్ గిటారిస్టుల బతుకుతెరువు రికార్డుల అమ్మకం మీద, దేశదేశాల కచేరీల మీద ఆధారపడింది. అంత పెద్ద మార్కెట్ లేని ఉత్తరాంధ్రలో ఆ ఆసరా ఇచ్చింది కళాశాల. నెలనెలా జీతం, రోజూ సాధన, ఎదురుగా శిష్యులు ఉంటే వాద్యకారుడు కచేరీల కోసం కంగారు పడకుండా బాణీని తీర్చిదిద్దుకోగలడు. అందువల్ల తంత్రీ వాద్యకారులు కలకాలం నిలవాలని కోరుకునేవారు సన్మానాల కంటే ముందు చూడవలసింది సంగీత కళాశాలల్లో అధ్యాపకుల ఖాళీలు నిండుతున్నాయా లేదా అన్నదే.