గన్నేరు పెరటికే గాని వంటింటికి కాదు

గన్నేరును నాటవద్దని నేననను. మండుటెండలకు, నీటి ఎద్దడికి ఓర్చి గుత్తులుగా పూచే ఇంత పెద్ద పొద మరొకటి అరుదు. పశువులు మేయవు గనుకనే రహదారుల నడుమ దీనిని బారులుగా పెంచుచున్నారు. తొలకరిలో పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడవున కోసి గుచ్చినచో వేరూనును. ఎండ తగులు చోట నిలువెత్తు దాటి పెరుగును. పూత కొత్త చిగుళ్ళకే వచ్చును గావున ఏటేటా కొమ్మలు కత్తిరించుట మేలు.

నా అభ్యంతరమంతయు దీనిని గృహవైద్యములో చేర్చుటపైననే. కరవీరమునకు సంస్కృతమున మరొక పేరు అశ్వమారకము, అనగా గుర్రమును చంపునది. సుశ్రుతుడు కల్పస్థానమున దీనిని మూలవిషములలో చేర్చినాడు. తరువాతి రసశాస్త్ర గ్రంథములు ఉపవిషములలో లెక్కించి, శుద్ధి చేయనిదే వాడరాదన్నవి. ఆ శుద్ధియు, మోతాదు నిర్ణయమును వైద్యుని పని; మన రోటిలో నూరుకొనునది కాదు.

చరకుడు పలుదోము పుల్లలలో కరవీరమును చెప్పలేదా అని కొందరు వాదింతురు. నిజమే, చెప్పినాడు. అక్కడనే కానుగను, మద్దిని కూడ చెప్పినాడు. అవి దొరకుచుండగా గన్నేరు పుల్లనే నోట పెట్టుకొను పట్టుదల దేనికో నాకు బోధపడదు!

ఆకు, పువ్వు, వేరు, పాలు అన్నిటను ఒలియాండ్రిన్ మొదలైన విషములు ఉన్నవి. ఇవి గుండె లయను తప్పించును. ఎండినను, కాచినను విషము పోదు. 2024లో కేరళలో ఒక యువతి ఈ ఆకు నమిలిన పిదప మరణించినదన్న వార్త వెలువడగా, తిరువితాంకూర్ దేవస్వం బోర్డు నైవేద్య ప్రసాదములలో ఈ పూవులను నిషేధించినది. పచ్చగన్నేరు వేరు జాతి మొక్క. మెక్సికో ప్రాంతము నుండి వచ్చినది. దాని గింజలును ఇంతే ప్రమాదకరము.

కావున దీనిని ప్రహరీ వెంబడి, పిల్లలు ఆడుకొను చోటికి దూరముగా పెంచండి. కత్తిరించునపుడు చేతులకు తొడుగులు ఉండవలెను. ఆ కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు, పొగయు హానికరమే. పొరపాటున బిడ్డ నమిలినచో చింతపండు రసముతో వాంతి చేయించుచు కాలహరణము చేయక, ఆ కొమ్మను వెంట తీసికొని గుండె పరీక్షకు వసతి గల ఆసుపత్రికి వెంటనే చేర్చండి.

పాకే పిల్లలున్న ఇంట నేనైతే అడ్డసరము నాటమందును. అదియు పెద్ద పొదయే. తెల్లని పూవులు పూయును, కొమ్మ గుచ్చిన బ్రతుకును, మేకలు ముట్టవు. దగ్గుకు దాని ఆకు కషాయము వాడుక ఎరిగినదే. గర్భిణులు మాత్రము సేవింపరాదు.