సంపాదకీయం: తెలుసుకోవడం కూడా హక్కే

మొన్నొక పల్లెలో సంఘం మీటింగు అయిపోయాక నలభై అయిదేళ్ళ ఆమె ఒకరు నన్ను పక్కకు పిలిచింది. "నాకు గర్భసంచిల క్యాన్సర్ ఉన్నదన్నరు. నేను చెడు తిరుగుళ్ళు తిరిగినందుకే వచ్చిందని మా అత్త అంటున్నది. నిజమేనా అక్కా?" అని అడిగింది.

స్త్రీ శీలం గురించి, నింద ఎప్పుడూ ఆడదాని మీదే ఎందుకు పడుతుందనే దాని గురించి చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అదే చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "మరి ఎట్లొస్తదక్కా?" అంది. నాకు మాట రాలేదు. సోషియాలజీలో డాక్టరేట్ చేసి, ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఆరోగ్యం గురించి రాస్తూ కూడా, శరీరం లోపల జరిగేది డాక్టర్ల వ్యవహారమని వదిలేశానని ఆ రోజు అర్థమైంది. ఈ సంపాదకీయం ఆమెకు నేను బాకీ పడ్డ జవాబు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నిటికీ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ సంగతి బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి. ప్రపంచంలోని ఈ క్యాన్సర్లలో నూటికి డెబ్భై దాకా 16, 18 రకాల వల్లే వస్తాయి.

మన కణాల్లో డిఎన్‌ఏ దెబ్బతినడం రోజూ జరిగేదే. అందుకే ప్రతి కణంలోనూ కాపలా ఉంటుంది. పి53 అనే ప్రోటీన్ డిఎన్‌ఏ దెబ్బతిన్నదని పసిగట్టి, బాగయ్యేదాకా కణాన్ని చీలనివ్వదు. బాగుకాకపోతే కణం చనిపోయేలా చేస్తుంది. ఆర్‌బి అనే ఇంకో ప్రోటీన్, సమయం రాకుండా కణం చీలకుండా పట్టి ఉంచుతుంది. ఒకటి చెరువు కాపలా కాసే నీరటికాడు, రెండోది తూముకు వేసిన తలుపు అనుకోండి. వైరస్ తయారు చేసే ఇ6 అనే ప్రోటీన్ మన కణంలోని మరో ప్రోటీన్‌ను తోడు చేసుకుని పి53ను నాశనం చేయిస్తుంది. ఇ7 ఆర్‌బిని పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. కాపలా పోయింది, తలుపూ తెరుచుకుంది. దెబ్బతిన్న డిఎన్‌ఏతోనే కణం చీలుతూ పోతుంది. ఇ7 వల్ల క్రోమోజోముల పంపకం కూడా తప్పుతుంది. చాలాసార్లు వైరస్ డిఎన్‌ఏ ముక్క మన డిఎన్‌ఏలోనే అతుక్కుపోతుంది. ఇలా దెబ్బ మీద దెబ్బ పేరుకుని క్యాన్సర్ అవుతుంది.

ఈ విషయం తెలియడంలో ఒక పేద నల్లజాతి స్త్రీ పాత్ర ఉంది. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ 1951లో ఇదే క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెను అడగకుండానే తీసుకున్న కణాలు ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది 18వ రకం వైరస్.

ఇక ఆ అత్తగారి మాట. శారీరక సంబంధం ఉన్న స్త్రీ పురుషుల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. ఒక్క భర్తతో తప్ప ఎవరితోనూ సంబంధం లేని స్త్రీకీ రావచ్చు. ఇందులో నడతకు తీర్పు చెప్పే అర్హత ఎవరికీ లేదు.

వైరస్ పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలోనూ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. హెచ్‌ఐవి ఉన్న స్త్రీలలో ఇంకా త్వరగా వస్తుంది. అంటే పట్టుకోవడానికి ఏళ్ళ తరబడి వ్యవధి ఉంది. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం రాసి, తెల్లబడిన చోటు చూసే పరీక్షను నర్సు కూడా చేయగలదు. ముప్పై నుంచి అరవై అయిదేళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వమే మార్గదర్శకాలిచ్చింది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. 2022లో దేశంలో లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా.

మరోవైపు చూడండి. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. తెల్లబట్ట అని వెళితే "క్యాన్సర్ అవుతుంది, తీయించేసెయ్" అని భయపెట్టిన కథలు మనలో ఎవరు వినలేదు? పరీక్ష చేయడానికి లేని తీరిక కోయడానికి ఉంటుంది.

టీకా సంగతి రాకుండా ఇది పూర్తి కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు, అందులో ఎంతోమంది ఆదివాసీ హాస్టలు పిల్లలకు, ఈ టీకా వేశారు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు గొడవ చేస్తే 2010లో ఆపారు. చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. కానీ పిల్లల హక్కుల ఉల్లంఘన జరిగిందని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో స్పష్టంగా చెప్పింది. అప్పుడు పరిశోధక విద్యార్థినిగా ఉన్న నేనూ ఆ నిరసనలో ఉన్నాను. అది సరైన పోరాటమేనని ఇప్పటికీ అంటాను.

అయితే మనం అడిగింది అంగీకారం, జవాబుదారీతనం. వాటిని టీకా మీద అనుమానంగా మిగలనిచ్చాం, ఆ తప్పు మనది. టీకాలో ఉండేది వైరస్ పైపెంకు ప్రోటీన్ మాత్రమే. వైరస్ డిఎన్‌ఏ గానీ, ఇ6, ఇ7లు గానీ అందులో ఉండవు. వైరస్ సోకకముందే వేస్తే అది బాగా పనిచేస్తుందని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. అప్పటికే సోకినదాన్ని నయం చేయదు. కాబట్టి కూతురికి టీకా, తల్లికి పరీక్ష రెండూ కావాలి.

తల్లులకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, అడిగి, టీకా ఉచితంగా వేయాలి. టీకా వేసిన తర్వాత పిల్లల బాగోగులు చూసే బాధ్యత రాజ్యం తీసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, తేడా కనిపిస్తే దగ్గర్లోనే వైద్యం ఉండాలి. వీటిని ఒకదాని కోసం ఇంకోటి వదులుకోకుండా అడుగుదాం.

ఆ పల్లెకు మళ్ళీ వెళ్ళాను. ఇదంతా ఆమెకు చెప్పాను, ఆమె అత్త కూడా కూర్చుని విన్నది. ఆమె రోగం ముదిరాకే బయటపడింది, అది నా మాటలతో మారదు. లేచేటప్పుడు ఆమె, "మా కోడలికి ఆ పరీక్ష ఎక్కడ చేస్తరక్కా?" అని అడిగింది. మీ మండలంలో ఎక్కడ చేస్తారో, అసలు చేస్తారో లేదో కనుక్కుని మాకు రాయండి.